నల్ల పెట్టె పుట్టిన సంవత్సరం: పాత కంప్యూటర్‌లో స్క్రీన్ రికార్డింగ్ కథ



ఈ ఎపిసోడ్ ఒక ఫైల్ గురించి. సైజు 380 ఎంబీ. 2020 జూలైలో మా ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద రికార్డ్ చేశాను. లోపల మా నాన్న చెప్పిన త్రికోణమితి పాఠం ఉంది, దాదాపు 40 నిమిషాలు. పేరు కనిపిస్తుంది, సైజు కనిపిస్తుంది, డబుల్ క్లిక్ చేస్తే మాత్రం ఏ ప్లేయరూ తెరవదు.

నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. అప్పటికి రిటైర్మెంట్‌కి ఇంకో ఏడాది ఉంది. లాక్‌డౌన్‌లో బడి మూసేశారు. "బోర్డు లేకపోతే ఏమైందిరా, కంప్యూటర్ మీద స్లైడ్లు పెట్టి చెప్తాను, నువ్వు రికార్డ్ చెయ్యి, యూట్యూబ్‌లో పెట్టి పిల్లల వాట్సాప్ గ్రూప్‌కి లింక్ పంపిద్దాం" అన్నారు. నా ల్యాప్‌టాప్ ఆఫీసుది, బయటి సాఫ్ట్‌వేర్ ఏదీ ఎక్కించనివ్వరు. మిగిలింది 2009లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో విడిభాగాలు కొని అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్. కోర్ 2 డ్యుయో, 2 జీబీ ర్యామ్, విండోస్ 7. పది నిమిషాల పనే కదా అనుకున్నాను. పది రోజులు పట్టింది.

ఆ పది రోజుల్లో ఎదురైన ప్రతి తేడానీ తర్వాత తీరిగ్గా ఒక్కొక్కటి వెతుక్కుంటూ వెళ్ళాను. తేలిందేంటంటే, ఆ కంప్యూటర్‌లో ఏదీ చెడిపోలేదు. నాకు కనిపించిన ప్రతి తప్పుకీ ఒక పుట్టిన సంవత్సరం ఉంది. అవన్నీ వరసగా పెడితే స్క్రీన్ రికార్డింగ్ చరిత్ర మొత్తం వచ్చేస్తుంది. అందుకే ఇది మన హిస్టరీ సిరీస్‌లో పెడుతున్నాను, టెక్ టిప్స్‌లో కాదు.

ముందు మీ ఫోన్ సంగతి. పైనుంచి కిందికి లాగుతారు, రికార్డ్ బటన్ నొక్కుతారు, 3, 2, 1 అని లెక్క, అంతే. ఇది ఎప్పటినుంచో ఉందనుకుంటాం. ఐఫోన్‌లో ఈ బటన్ వచ్చింది 2017లో, ఐఓఎస్ 11తో. ఆండ్రాయిడ్ సొంతంగా రికార్డర్ ఇచ్చింది 2020 సెప్టెంబర్‌లో, ఆండ్రాయిడ్ 11తో. అంటే నాన్న పాఠం పోయిన రెండు నెలలకి! అంతకు ముందు కొన్ని కంపెనీలు తమ ఫోన్లలో సొంతంగా పెట్టుకున్నాయి, ఆండ్రాయిడ్ 5 నుంచి యాప్‌లకి కూడా ఆ వీలు దొరికింది. దానికంటే ముందు, 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4లో అయితే ఫోన్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించి కమాండ్ కొట్టాలి. మూడు నిమిషాలకి మించి రాదు, అందులో సౌండ్ ఉండదు.

ఇంకా వెనక్కి వెళ్తే? స్క్రీన్‌ని రికార్డ్ చెయ్యాలంటే దాని ముందు కెమెరా పెట్టడమే. 1968 డిసెంబర్ 9న శాన్ ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ని మొదటిసారి జనానికి చూపించిన డెమో ఉంది కదా, అందులో జరిగిందీ అదే. చిన్న చిన్న పిక్చర్ ట్యూబుల ముందు టీవీ కెమెరాలు పెట్టి, ఆ బొమ్మని మెన్లో పార్క్ నుంచి మైక్రోవేవ్ లింక్ మీద హాలుకి పంపించారు. మన ఇళ్ళలో కూడా హ్యాండీక్యామ్ ఉన్నవాళ్ళు కంప్యూటర్‌ని షూట్ చేసి చూస్తే తెర మీద నల్లటి పట్టీలు జారుతూ కనిపించేవి. ట్యూబ్ సెకనుకి 60 సార్లో 85 సార్లో పైనుంచి కిందికి గీస్తుంది, కెమెరా సెకనుకి 25 బొమ్మలే తీస్తుంది. రెండింటికీ తాళం కుదరదు.

మరి లోపల్నించే తీసుకోవచ్చు కదా అంటే, ఒక చిన్న లెక్క వేద్దాం. నాన్న వింటే సంతోషిస్తారు. 1024 అడ్డం, 768 నిలువు చుక్కలు. ఒక్కో చుక్క రంగుకి 3 బైట్లు. ఒక్క బొమ్మకి రెండుంపావు ఎంబీ. సెకనుకి 15 బొమ్మలు చాలనుకున్నా దాదాపు 34 ఎంబీ. నిమిషానికి 2 జీబీ. పాతకాలపు హార్డ్ డిస్క్ ఆ వేగంతో ఆగకుండా రాయడమే గగనం. రాసినా, అప్పట్లో చాలా డిస్కులు ఫ్యాట్32 పద్ధతిలో ఉండేవి. అందులో ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదు. అంటే రెండు నిమిషాల వీడియో! ఆటలు రికార్డ్ చేసుకోడానికి ఫ్రాప్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉండేది. అందులో తీసిన వీడియో 4 జీబీ దగ్గర ముక్కలు ముక్కలుగా తెగి వచ్చేది ఈ గొడవ వల్లే.

దీనికి దారి కనిపెట్టినవాళ్ళు గమనించింది చాలా మామూలు విషయం. కంప్యూటర్ తెర సినిమా లాంటిది కాదు. ఎక్కువసేపు ఏదీ కదలదు. మౌస్ బాణం కదులుతుంది, ఒక మెనూ తెరుచుకుంటుంది, మిగతాదంతా అలాగే ఉంటుంది. మారిన ముక్క మాత్రమే దాచుకుంటే చాలు. మిషిగన్‌లో టెక్‌స్మిత్ కంపెనీ తెచ్చిన క్యామ్టేసియా ఇలాంటి పద్ధతి మీదే నడిచింది. ఖాన్ అకాడమీ సల్మాన్ ఖాన్ (మన హీరో కాదు, లెక్కల ఖాన్) 2006లో యూట్యూబ్‌లో పాఠాలు పెట్టడం మొదలుపెట్టాక కొన్నాళ్ళకి వాడింది కూడా క్యామ్టేసియానే. నల్లటి తెర మీద రంగు గీతలు, వెనక గొంతు. ముఖం కనపడదు. చూడ్డానికి స్టైల్‌లా ఉంటుంది కానీ నల్ల తెర మీద మారే ముక్క చాలా తక్కువ కాబట్టి ఫైల్ కూడా చిన్నగా వస్తుంది.

ఈ రకం వీడియోకి స్క్రీన్‌కాస్ట్ అనే పేరు కూడా అప్పటిదే. 2004లో జాన్ ఉడెల్ అనే టెక్ రచయిత "దీన్ని ఏమని పిలుద్దాం" అని పాఠకుల్ని అడిగితే వాళ్ళు ఇచ్చిన పేరది. డబ్బులు పెట్టలేని పిల్లలకి హైపర్‌క్యామ్ ఉండేది. రిజిస్టర్ చేసుకోకపోతే వీడియో మూలన "అన్‌రిజిస్టర్డ్ హైపర్‌క్యామ్ 2" అని పడేది. యూట్యూబ్ మొదటి రోజుల్లో ఆ ముద్ర లేని కంప్యూటర్ పాఠం చూడటం కష్టం. మైక్ లేనివాళ్ళు నోట్‌ప్యాడ్ తెరిచి "హాయ్, ఇవాళ మీకు నేర్పించేది" అని టైప్ చేసుకుంటూ పోయేవాళ్ళు. స్పెల్లింగ్ తప్పు పోతే వెనక్కి వచ్చి దిద్దుకోడం కూడా మనం చూస్తూ కూర్చోవాలి. (నవ్వు)

మన దగ్గర దీన్ని పద్ధతిగా చేసింది ఐఐటీ బాంబేలో 2009లో మొదలైన స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్ట్. ఉచిత సాఫ్ట్‌వేర్ల మీద చిన్న చిన్న స్క్రీన్‌కాస్ట్‌లు. తెర మీద ఇంగ్లీషే ఉంటుంది, గొంతు మాత్రం తెలుగుతో సహా మన భాషల్లోకి మారుతుంది. స్క్రీన్ రికార్డింగ్‌లో బొమ్మ వేరు, మాట వేరు అని గుర్తుపట్టి దాన్నే ఉపయోగంగా మార్చుకున్నారు.

సరే, మా ఇంటికి వద్దాం. మొదటి రోజు ఎక్కించిన కొత్త రికార్డర్ తెరుచుకోనే లేదు, గ్రాఫిక్స్ సరిపోదంది. అదెందుకో తర్వాత చెప్తాను. బాగా పాతదొకటి వెతికి ఎక్కించాను. రెండో రోజు నాన్న పాఠం మధ్యలో ఒక చిన్న వీడియో చూపిద్దామన్నారు. గోడకి ఆనించిన నిచ్చెన, కోణం మారుతుంటే ఎత్తు మారే యానిమేషన్. రికార్డ్ చేసి చూశాం. స్లైడ్లు బాగున్నాయి. నాన్న గొంతు బాగుంది. వీడియో ఉండాల్సిన చోట మాత్రం నల్లటి పెట్టె.

ఈ నల్ల పెట్టె గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే నాకు దీనికంటే ముచ్చటైన కథ ఇంకోటి దొరకలేదు.

1990ల్లో కంప్యూటర్లకి వీడియో ఆడించడం బరువు పని. వీడియో ఫైల్‌లో వెలుగు ఒకచోట, రంగు ఇంకోచోట దాచి ఉంటాయి. వాటిని తెరకి అర్థమయ్యే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కింద మార్చాలి, కిటికీ సైజుకి సాగదీయాలి, అదీ సెకనుకి పాతిక సార్లు. ప్రాసెసర్‌తో చేయిస్తే ఆయాసపడేది. అందుకని గ్రాఫిక్స్ కార్డులు ఒక ఏర్పాటు చేశాయి. దాని పేరు ఓవర్‌లే. మన సినిమాల్లో గ్రీన్ మ్యాట్ తెలుసు కదా? హీరో వెనక ఆకుపచ్చ గుడ్డ కడతారు, తర్వాత ఆ రంగు ఉన్నచోటల్లా స్విట్జర్లాండ్ పెడతారు. ఇదీ అంతే. వీడియో ప్లేయర్ తన కిటికీ మధ్యలో ఒకే ఒక్క రంగు పూస్తుంది. ఎక్కువగా దాదాపు నలుపో, మెజెంటానో. అసలు వీడియో కార్డ్‌లో వేరే మెమరీలో ఉంటుంది. బొమ్మ మానిటర్‌కి వెళ్ళే ఆఖరి క్షణంలో, ఆ రంగు కనిపించిన చోటల్లా కార్డ్ వీడియోని అతికిస్తుంది.

ఇప్పుడు రికార్డర్ ఏం చూస్తుంది? అది చూసేది మానిటర్‌ని కాదు, విండోస్ గీసి పెట్టుకున్న బొమ్మని. అందులో ఉన్నది మ్యాట్ గుడ్డ మాత్రమే. స్విట్జర్లాండ్ ఇంకా అతకలేదు. కాబట్టి దానికి కనిపించిన నల్ల గుడ్డనే అది నిజాయితీగా రాసుకుంది.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ వాడినవాళ్ళు ఇంట్లో ఎవరైనా ఉంటే అడగండి, ఈ వింత చూసే ఉంటారు. సినిమా నడుస్తుండగా ప్రింట్ స్క్రీన్ నొక్కి, పెయింట్ తెరిచి పేస్ట్ చేస్తే, పెయింట్ లోపల సినిమా నడిచేది! ఫోటోలో బొమ్మ కదులుతోంది! నేను ఎనిమిదో తరగతిలో అది చూసి దెయ్యం పట్టిందనుకున్నాను. జరిగింది ఇంతే. మనం పేస్ట్ చేసింది మ్యాట్ గుడ్డ రంగుని. పెయింట్ కిటికీ సరిగ్గా ఆ ప్లేయర్ ఉన్న చోటు మీదకి వచ్చింది. కార్డ్‌కి ఏ కిటికీ ఎవరిదో తెలీదు, ఆ చోట ఆ రంగు కనిపిస్తే వీడియో అతికించడమే దాని పని. ప్లేయర్ మూసేస్తే పెయింట్‌లో నల్ల పెట్టె మిగిలేది.

ఎక్స్‌పీలో దీనికి మందు డిస్‌ప్లే ప్రాపర్టీస్‌లో ఉండేది. సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, ట్రబుల్‌షూట్, అక్కడ హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అని ఒక జారుడు గీత. దాన్ని ఎడమకి లాగేస్తే కార్డ్ సాయం ఆగిపోయి ప్రాసెసరే అన్నీ గీస్తుంది. వీడియో కాస్త తడబడుతుంది, కానీ రికార్డర్‌కి కనిపిస్తుంది. విండోస్ 7లో నేను చేసింది ఇంకా చిన్న పని. వీడియో ప్లేయర్ సెట్టింగ్స్‌లో ఓవర్‌లే అని ఉన్న టిక్ తీసేశాను. నిచ్చెన కనిపించింది. నాన్న "ఇంత చిన్నదానికి రెండు రోజులా" అన్నారు.

ఇప్పటి ఫోన్‌లో బ్యాంక్ యాప్ తెరిచి రికార్డ్ చేస్తే కూడా నల్లగానే వస్తుంది. అది మాత్రం వేరే కథ. అక్కడ యాప్ రాసినవాళ్ళే "నన్ను ఎవరికీ చూపించొద్దు" అని ఆండ్రాయిడ్‌కి చెప్పి పెడతారు. మీ పాస్‌వర్డ్ ఎవడూ కాజేయకుండా. చూడ్డానికి రెండూ ఒకే నల్ల పెట్టె. 2001 నాటిది అనుకోకుండా వచ్చింది, ఇప్పటిది కావాలని పెట్టింది. అందుకే పాతదానికి మందు ఉంది, దీనికి వెతక్కండి.

మూడో రోజు సౌండ్. నాన్న గొంతు వస్తోంది, ఆ యానిమేషన్‌లో ఉన్న గొంతు రావట్లేదు. మైక్ నుంచి లోపలికి వచ్చేది ఒక దారి, స్పీకర్‌కి బయటికి వెళ్ళేది ఇంకో దారి. బయటికి వెళ్ళేదాన్ని మళ్ళీ లోపలికి తిప్పాలి. ఎక్స్‌పీ రోజుల్లో సౌండ్ కార్డ్‌లోనే ఆ అడ్డదారి ఉండేది, స్టీరియో మిక్స్ అని. క్రియేటివ్ వాళ్ళ కార్డుల్లో "వాట్ యూ హియర్" అని ఇంకా ముద్దుగా ఉండేది. 2007లో విస్టా వచ్చాక చాలా కంప్యూటర్లలో దాన్ని ఆపి, కనపడకుండా దాచేశారు. అదే విస్టాలో సాఫ్ట్‌వేర్లకి నేరుగా స్పీకర్ శబ్దం తీసుకునే కొత్త దారి కూడా వేశారు. కానీ పాత రికార్డర్‌కి ఆ కొత్త దారి తెలీదు కదా. మూలన స్పీకర్ బొమ్మ మీద రైట్ క్లిక్, రికార్డింగ్ డివైసెస్, అక్కడ ఖాళీ చోట మళ్ళీ రైట్ క్లిక్, "షో డిసేబుల్డ్ డివైసెస్". దుమ్ము పట్టిన స్టీరియో మిక్స్ బూడిద రంగులో కనిపించింది. ఎనేబుల్ చేస్తే వచ్చేసింది.

నాలుగు నుంచి ఎనిమిదో రోజు దాకా ఒకటే గోల. బొమ్మ వెనకబడుతోంది. నాన్న "కాబట్టి జవాబు 12" అనేసరికి తెర మీద ఇంకా ప్రశ్నే ఉంది.

ఇక్కడే ఆ మొదటి రోజు గ్రాఫిక్స్ గొడవ కూడా అర్థమవుతుంది. స్క్రీన్ రికార్డింగ్ చరిత్రలో ఒక గీత గీయమంటే నేను 2012 దగ్గర గీస్తాను. ఎందుకో చూడండి. వీడియోని చిన్నగా నొక్కి పెట్టే హెచ్.264 పద్ధతి 2003 నాటిది. ఫైల్ బాగా చిన్నదవుతుంది, కానీ నొక్కడానికి చాకిరీ ఎక్కువ. ఆ చాకిరీ కోసం చిప్‌లోనే ప్రత్యేకంగా ఒక మూల కేటాయించడం 2011 జనవరిలో ఇంటెల్ శాండీ బ్రిడ్జ్‌తో మొదలైంది, దాని పేరు క్విక్ సింక్. 2012లో ఎన్‌విడియా తన కెప్లర్ కార్డుల్లో అలాంటిదే పెట్టింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో హ్యూ బెయిలీ అనే ప్రోగ్రామర్ ఓబీఎస్ మొదటి వెర్షన్‌ని ఉచితంగా, సోర్స్ కోడ్‌తో సహా విడుదల చేశాడు. ఇవాళ మీకు తెలిసిన స్ట్రీమర్లలో చాలామంది వాడేది దాని వారసుడినే. అక్టోబర్ 26న విండోస్ 8 వచ్చింది. ఆ విండోస్‌ని ఎవరూ పెద్దగా ఇష్టపడలేదు గానీ, అందులో డెస్క్‌టాప్ డూప్లికేషన్ అనే దారి ఉంది. కార్డ్‌లో తయారైన ఆఖరి బొమ్మనే, అన్నీ అతికాక, రికార్డర్ చేతిలో పెడుతుంది. మ్యాట్ గుడ్డ కాదు, స్విట్జర్లాండ్‌తో సహా.

విండోస్ 8కి ముందు రికార్డర్ ఎప్పుడూ దొంగచాటుగానే చూసింది. విస్టా, 7లలో మెరిసే గాజు అంచుల కిటికీలు గుర్తున్నాయా, ఏరో అనేవాళ్ళు? అక్కడ ప్రతి కిటికీ గ్రాఫిక్స్ కార్డ్‌లో విడిగా తయారై చివర్లో ఒకటవుతుంది. పాత రికార్డర్ ఆ బొమ్మని కార్డ్ నుంచి వెనక్కి లాక్కోవాలి. ఏటికి ఎదురీదినట్టు. అందుకే అప్పట్లో అందరూ చెప్పే సలహా, "ముందు ఏరో ఆపేయ్."

మా డెస్క్‌టాప్ 2009ది, గీతకి అవతలి ఒడ్డున ఉంది. మదర్‌బోర్డ్ లోపలి గ్రాఫిక్స్‌కి డైరెక్ట్‌ఎక్స్ 9 వరకే వచ్చు, కొత్త రికార్డర్లు 10 పైన అడుగుతాయి. వీడియో నొక్కే ప్రత్యేకమైన మూల లేదు. స్లైడ్ తిప్పడం, యానిమేషన్ ఆడించడం, సౌండ్ కలపడం, వీడియో నొక్కడం అన్నీ ఆ రెండు కోర్లే చెయ్యాలి. విండోస్ 10లో గేమ్ బార్ ఉంది కదా, విండోస్ కీ, జీ కలిపి నొక్కితే వచ్చేది? పాత కంప్యూటర్‌లో 10 ఎక్కించినా అది రికార్డ్ చేయనని మొండికేసేది ఈ మూల లేకపోవడం వల్లే. సరిపోయే హార్డ్‌వేర్ ఉన్నా ఖాళీ డెస్క్‌టాప్‌నీ, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌నీ అది తీయదు, గేమ్‌ల కోసం పుట్టింది కాబట్టి.

మరి నేనేం చేశానంటే, ఆశ తగ్గించుకున్నాను. సెకనుకి 30 బొమ్మలు అడిగేవాణ్ణి, 10కి దించాను. పాఠానికి 10 చాలు, నిజంగా చాలు. తెర సైజు 1024, 768కి తెచ్చాను. ఏరో తీసేసి పాత కాలపు బూడిద రంగు థీమ్ పెట్టాను. వాల్‌పేపర్‌లో ఉన్న అరకు లోయ తీసేసి ఒకే రంగు పూశాను. ఎన్‌కోడర్‌లో "అల్ట్రాఫాస్ట్" ఎంచుకున్నాను, ఫైల్ పెద్దదవుతుంది కానీ ప్రాసెసర్ ఊపిరి పీల్చుకుంటుంది. లినక్స్‌లో రికార్డ్‌మైడెస్క్‌టాప్ అనే చిన్న ప్రోగ్రామ్ ఇంకో తెలివి చూపిస్తుంది. ముందు అంతా అలా పడేసి ఉంచుతుంది, మీరు స్టాప్ నొక్కాకే తీరిగ్గా వీడియోగా వండుతుంది. బలహీనమైన కంప్యూటర్‌కి అంతకంటే మర్యాద ఇంకోటి లేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం ఒక టెస్ట్ తీశాం. నాన్న "హలో హలో, వినిపిస్తోందా, ఏరా ఎర్ర చుక్క వెలిగిందా" అన్నారు. బొమ్మ, మాట కలిసి నడిచాయి. 20 సెకన్ల ఆ ఫైల్‌ని తీసేయడం మర్చిపోయాను. దాని సంగతి చివర్లో.

ఆ సీజన్‌లో దేశమంతా ఇదే జరిగిందని నా నమ్మకం. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసిన తేదీ 2020 జనవరి 14. లాక్‌డౌన్ మొదలైంది మార్చి 25. మధ్యలో పది వారాలు! మూలన పడేసిన కంప్యూటర్లకి మళ్ళీ దుమ్ము దులిపింది సరిగ్గా అప్పుడే. తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు వచ్చాయి. వాటి వెనక స్టూడియో ఉంది. ఇంట్లో కూర్చుని, పాత డెస్క్‌టాప్ ముందు తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ (ఫ్యాన్ వేస్తే మైక్‌లో హోరు) పాఠం చెప్పిన టీచర్ల వెనక ఏమీ లేదు. 2022లో ఓబీఎస్ 28వ వెర్షన్ విండోస్ 7నీ, 32 బిట్ విండోస్‌నీ వదిలేసింది. ఆ కంప్యూటర్లకి 27.2.4 ఆఖరిది. ఎవరింట్లోనైనా అలాంటిది ఉంటే దాన్ని అసలు ప్రాజెక్ట్ పేజీలో పాత వెర్షన్ల జాబితా నుంచే దించుకోండి. "పాత వెర్షన్ ఫ్రీ" అని గూగుల్‌లో కనిపించే ప్రతి సైట్ నుంచీ కాదు. నేను అలా దించుకుని, బ్రౌజర్ నిండా ప్రకటనలు తెచ్చుకుని, అవి పీకడానికి ఒక రోజు పోగొట్టుకున్నాను.

పదో రోజు అసలు పాఠం. నాన్న చాలా బాగా చెప్పారు. మధ్యలో ఎక్కడో స్లైడ్లు వదిలేసి, పాతికేళ్ళ కిందట ఒక బ్యాచ్ పిల్లల్ని గుడికి తీసుకెళ్ళి, చేతికర్ర నీడతో గాలిగోపురం ఎత్తు కొలిపించిన కథ ఎత్తుకున్నారు. నేను ఆ కథ ఎప్పుడూ వినలేదు. 40వ నిమిషం దగ్గర కరెంట్ పోయింది.

యూపీఎస్ ఉంది. దాని బ్యాటరీ కూడా 2009 నాటిదే. కొన్ని సెకన్లు కీచుమంది, ఆగిపోయింది.

కరెంట్ వచ్చాక చూస్తే 380 ఎంబీ ఉంది, తెరుచుకోదు. దీని పుట్టుక కూడా చెప్తాను. నేను ఎంచుకున్నది ఎంపీ4. పెళ్ళిలో చదివింపులు గుర్తు చేసుకోండి. వచ్చిన డబ్బంతా ఒక సంచిలో వేసేస్తూ, ఎవరు ఎంతిచ్చారో లెక్క మొత్తం ఆఖర్న ఒకేసారి రాద్దామనుకున్నారు. రాసే లోపల రాసేవాడు వెళ్ళిపోయాడు. సంచి నిండా నోట్లున్నాయి, ఏది ఎవరిదో చెప్పేవాళ్ళు లేరు. ఎంపీ4 మామూలుగా చేసేది ఇదే. ఏ బొమ్మ ఎక్కడ మొదలవుతుంది, ఏ మాట దానికి జత అనే పట్టికని స్టాప్ నొక్కాకే రాస్తుంది. ఎంకేవీ అయితే వచ్చిన ప్రతి కవర్ మీదా అప్పటికప్పుడే పేరూ, టైమూ రాసుకుంటూ పోతుంది. మధ్యలో ఆగినా అప్పటిదాకా ఉన్నది ఉంటుంది. రికార్డింగ్ ఎంకేవీలో చేసుకుని తర్వాత ఎంపీ4గా మార్చుకోవచ్చు, క్వాలిటీ పోదు, నిమిషం పట్టదు. ఆ ఒక్క మెనూ నేను పదో రోజుకి ముందు తెరవలేదు.

మర్నాడు నాన్న మళ్ళీ చెప్పారు. 22 నిమిషాల్లో అయిపోయింది. ఎక్కడా తడబాటు లేదు. గోపురం కథ కూడా లేదు. అడిగితే "ఒకసారి వచ్చింది మళ్ళీ అలాగే రాదురా" అన్నారు. పిల్లలు చూసింది ఆ 22 నిమిషాలే.

380 ఎంబీ ఫైల్‌ని మాత్రం నేను తీసేయలేదు. డిస్క్ మారినప్పుడల్లా కొత్తదానిలోకి మోసుకొచ్చాను. 2023లో అన్‌ట్రంక్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ గురించి చదివాను. పట్టిక లేని ఎంపీ4ని అది బాగుచేయగలదు, కానీ ఒక షరతు. అదే కంప్యూటర్‌లో, అదే సెట్టింగులతో తీసిన మంచి ఫైల్ ఒకటి పక్కన పెట్టాలి. దాన్ని చూసి, బొమ్మ ఎలా మొదలవుతుందో, మాట ఎలా మొదలవుతుందో గుర్తుపట్టి, సంచిలో నోట్లని మళ్ళీ వేరు చేస్తుంది.

అదే సెట్టింగులతో తీసిన ఫైల్ నా దగ్గర ఒకటే ఉంది. "హలో హలో, వినిపిస్తోందా."

రెండూ ఇచ్చి ఎంటర్ నొక్కాను. కొత్త ఫైల్ తెరుచుకుంది. అక్కడక్కడ బొమ్మ చదరం చదరంగా విరుగుతోంది, మాట శుభ్రంగా ఉంది. నిచ్చెన ఉంది. గోపురం ఉంది. కర్ర నీడ కొలిచిన కుర్రాడు గోపురం నీడ మీద అడుగులు వేసుకుంటూ వెళ్తుండగా వెనక యూపీఎస్ కీచుమనడం మొదలైంది. ఆ కీచులాట ఎనిమిది సెకన్లు ఉంది. అప్పుడు స్టాప్ నొక్కి ఉంటే పట్టిక రాసుకునేది.

ఆ ఎనిమిది సెకన్లలో నాన్న ఆగి, "ఏరా, కరెంట్ పోయినట్టుంది, ఇంకా రికార్డ్ అవుతోందా?" అంటారు. తర్వాత నా గొంతు, "అవుతోంది నాన్నా, మీరు చెప్పండి."

ఫైల్ అక్కడితో అయిపోయింది.